చిత్రకళ, నాటకం: ఒకే డిగ్రీగా ఎందుకు చదవాలి

ఇంటర్ ఫలితాలు వచ్చాక మా మేనకోడలు అడిగిన ఒక ప్రశ్న చాలా రోజులుగా నన్ను వదలడం లేదు. ఎంపీసీ చదివిన పిల్ల. ఇంట్లో అందరూ ఎప్‌సెట్ ర్యాంకు గురించీ, కౌన్సెలింగ్ తేదీల గురించీ మాట్లాడుకుంటూ ఉండగా నా దగ్గరకు వచ్చి, "మామయ్యా, బొమ్మలు వేయడమూ నాటకం చేయడమూ రెండూ కలిపి నేర్పే డిగ్రీ హైదరాబాదులో ఎక్కడైనా ఉందా?" అని అడిగింది. బడిలో ఉండగానే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాసింది. కాలేజీ వార్షికోత్సవానికి తానే ఒక నాటిక రాసి, అట్టపెట్టెలు విప్పి తానే సెట్ కట్టి, అందులో తానే నటించింది. వాళ్ల నాన్నగారు బీఎఫ్ఏ (చిత్రకళ డిగ్రీ) అనేసరికి కొంత మెత్తబడ్డారు. యానిమేషన్ వైపు వెళ్తే ఉద్యోగం దొరుకుతుందని ఎవరో చెప్పారట. నాటకం మాట మాత్రం ఆయనకు మింగుడుపడలేదు. "అది సాయంత్రాలు చేసుకునే పని కదా, దానికి డిగ్రీ ఎందుకయ్యా?" అన్నారు.

నేను చిత్రకళ చదివి, ఆ తర్వాత చాలా ఏళ్లుగా నాటక బృందాలకు రంగాలంకరణ చేస్తున్న మనిషిని కాబట్టి ఆ అమ్మాయి నన్ను అడగడం సహజమే. మాసబ్‌ట్యాంకులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ల బీఎఫ్ఏ ఉంది. ఆ విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడినా, అందులోని ఫైన్ ఆర్ట్స్ కళాశాల మూలాలు 1940 నాటివి. గచ్చిబౌలిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం 1988లో ప్రారంభించిన సరోజినీ నాయుడు స్కూలులో చిత్రకళ, రంగస్థలం, నృత్యం, కమ్యూనికేషన్ అన్నీ ఒకే చోట ఉన్నాయి. అయితే అక్కడి రంగస్థల శిక్షణ పీజీ స్థాయిది. తెలుగు విశ్వవిద్యాలయంలో రంగస్థల శాఖా ఉంది, శిల్పం, చిత్రలేఖనం నేర్పే శాఖా ఉంది; ఏ శాఖ పని ఆ శాఖదే. పద్దెనిమిదేళ్ల వయసులో బొమ్మలు నేర్చుకోవడానికి దారి ఉంది. నాటకాన్ని పూర్తిస్థాయిలో చదవాలంటే చాలామంది మరో మూడు నాలుగేళ్లు ఆగి, మధ్యలో వేరే ఏదో డిగ్రీ పూర్తి చేసుకుని రావలసిందే. రెండూ ఒకే చదువుగా కావాలనుకునే పిల్లకు మన ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు చూపించే తలుపు లేదు.

ఉండాలని నా అభిప్రాయం. చిత్రకళనూ నాటకాన్నీ కలిపి నాలుగేళ్ల డిగ్రీగా, ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో, సామాన్య కుటుంబాలు భరించగల ఫీజుతో నేర్పాలి. ఉన్న రెండు సిలబస్‌లను చెరి సగం కోసి అతికిస్తే సరిపోదు. రెంటికీ ఉమ్మడిగా ఉన్న పనిని మధ్యలో పెట్టి, దాని చుట్టూ చదువును కట్టాలి. ఈ మాట తేలికగా అనడం లేదు. దీనికి నా మిత్రులే చెప్పిన బలమైన అభ్యంతరాలున్నాయి, వాటికీ వస్తాను.

వేదిక మీద రంగు

కొన్నేళ్ల క్రితం నగరంలో విద్యార్థులు వేసిన ఒక నాటకానికి సలహాదారుగా వెళ్లాను. వెనక తెరను ఒక ఫైన్ ఆర్ట్స్ విద్యార్థి వేశాడు. మంచి చేయి. చెరువు గట్టు, తాటిచెట్లు, దూరాన గుట్టలు. నీలం కలిసిన ఆకుపచ్చలో ఎన్ని ఛాయలు ఉండవచ్చో అన్నీ ఆ తెరలో ఉన్నాయి. తన గదిలో ట్యూబ్‌లైటు కింద వేశాడు, ట్యూబ్‌లైటు కిందే అందరికీ చూపించాడు, అందరూ మెచ్చుకున్నారు. ప్రదర్శన రోజు సాయంసంధ్య దృశ్యం కోసం లైటింగ్ చేసే కుర్రవాడు అంబర్ జెల్ (లైటు ముందు పెట్టే పసుపు, నారింజ కలిసిన రంగు పొర) వేసిన స్పాట్లు వెలిగించగానే ఆ చెరువు మసిబట్టిపోయింది. అంబర్ జెల్ నీలి వెలుగును దాదాపుగా ఆపేస్తుంది. నీలాన్ని తిప్పికొట్టవలసిన రంగుకు ఆ వెలుగే అందకపోతే అది బూడిదరంగులోకీ నలుపులోకీ దిగిపోతుంది. అదే వెలుగులో రైతు పాత్రధారి పసుపు పంచె, తెల్ల చొక్కా ఒకే రంగుగా కలిసిపోయాయి. తెర వేసిన కుర్రవాడు హాలు వెనక నిలబడి అదంతా చూశాడు. ప్రదర్శన అయ్యాక నా దగ్గరకు వచ్చి, "సార్, నాలుగేళ్లలో మాకు ఎవరూ వెలుగు మార్చి చూపించలేదు" అన్నాడు.

ఆ మాటలో ఫిర్యాదు ఉంది గానీ తప్పు ఫలానా గురువుదని నేను అనుకోను. చిత్రకళ తరగతిలో వెలుగు అంటే వస్తువు మీద పడే వెలుగు. దానిని చూసి వెలుగునీడలు గీస్తాము. బొమ్మ పూర్తయ్యాక దాని మీద పడే వెలుగు గ్యాలరీవాళ్ల బాధ్యత. నాటకంలో బొమ్మ పూర్తయ్యాకే దాని అసలు పని మొదలవుతుంది. దాని ముందు మనిషి నడుస్తాడు, దుస్తులు కదులుతాయి, వెలుగు నిమిషానికో రకంగా మారుతుంది, ఇరవయ్యో వరుసలో కూర్చున్న మనిషికీ అది చేరాలి. ఈ జ్ఞానం చిత్రకారుడికి నాటకంలోనే దొరుకుతుంది, అదీ రిహార్సల్ గదిలో రోజూ కూర్చుంటేనే దొరుకుతుంది.

నటుల వైపు నుంచీ ఇదే లోటు చూశాను. మరో నాటకానికి నేను రెండు వారాల ముందే గ్రౌండ్ ప్లాను గీసి ఇచ్చాను. వేదిక మధ్యలో మూడు మెట్ల అరుగు, కుడివైపు గుమ్మం, ఎడమవైపు బావి. బృందంలో ఒక్కరికీ ఆ కాగితాన్ని చదవడం రాదని నాకు ప్రదర్శన ముందురోజు తెలిసింది. వాళ్లు ప్లాస్టిక్ కుర్చీలు వరసగా పెట్టి వాటినే అరుగు అనుకుని సాధన చేశారు. ఆ కుర్చీల వరస ఎక్కడ ముగుస్తుందో అక్కడ ముసలమ్మ పాత్రధారిణి మలుపు తిరిగేది. నిజమైన సెట్టులో సరిగ్గా అక్కడ మెట్టు ఉంది. ఆమె పడలేదు, కానీ ఆ రాత్రంతా కాళ్ల వైపు చూస్తూ నటించింది, సంభాషణలన్నీ నేలకే చెప్పింది. ఆమె ఎంతో అనుభవమున్న నటి. స్కేలు, కొలత, పైనుంచి చూసిన నక్షా చదవడం ఆమెకు ఎవరైనా రెండు వారాలు నేర్పి ఉంటే ఆ పాత్ర మరో రకంగా ఉండేది.

విడివిడిగా చదువుకున్నవాళ్లు వేదిక దగ్గర కలిసినప్పుడు ఒకరి భాష మరొకరికి అర్థం కాకపోవడం మన నాటకరంగంలో నిత్యం జరుగుతూనే ఉంది. నాటక పరిషత్తుల పోటీల్లో తెరలు, ఫర్నిచరు నిర్వాహకులే ఇస్తారు. ఒక నాటిక అయిపోగానే కొద్ది నిమిషాల్లో మరో నాటిక మొదలవ్వాలి. ఆ పద్ధతి ఎంతోమంది మంచి నటులనూ రచయితలనూ ఇచ్చింది, ఆ మాట కాదనలేను. కానీ తరతరాలుగా అదే సోఫా, అదే గుమ్మం చూసి పెరిగిన ప్రేక్షకులకు నాటకమంటే వినేది అన్న అలవాటు కూడా అదే నేర్పింది.

చేర్యాల పటం, సురభి తెర

ఈ రెండు కళలను కలపాలనడం పాశ్చాత్యుల నుంచి అరువు తెచ్చుకున్న ఆలోచన అని ఒక సభలో ఒక పెద్దాయన అన్నారు. ఆయన మీద గౌరవంతోనే చెబుతున్నాను, మన నేల మీద వీటిని విడదీసింది ఈమధ్యే.

హైదరాబాదు నుంచి కొన్ని గంటల ప్రయాణంలో ఉన్న చేర్యాలలో నకాషీ చిత్రకారులు వేసే పటాలను తీసుకోండి. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, తుమ్మజిగురు పట్టించి, ఎర్రటి నేపథ్యం మీద కథను అరలు అరలుగా వేస్తారు. సంప్రదాయ పటం సుమారు 3 అడుగుల వెడల్పుతో 40 అడుగులు దాటే పొడవుతో ఉంటుంది. కాకిపడగలవారు, కూనపులివారు, గౌడజెట్టీల వంటి కథకులు ఆయా కులాల పురాణాలను ఊరి మధ్య రాత్రిపూట ఆ పటాన్ని విప్పుతూ పాడేవారు. అంటే ఆ చిత్రకారుడికి తాను వేసే బొమ్మ ముందు ఒక గాయకుడు నిలబడతాడనీ, అతని కర్ర ఒక్కొక్క అర మీద కొంతసేపు ఆగుతుందనీ, చూసేవాళ్లు నేల మీద దూరంగా కూర్చుంటారనీ తెలుసు. ముఖం ఎంత పెద్దదిగా ఉండాలో, కళ్లు ఎలా సాగాలో, నేపథ్యం ఎందుకు అంత ఎర్రగా ఉండాలో నిర్ణయించడంలో ఈ ఎరుకకు పెద్ద పాలు ఉందని నేను నమ్ముతాను. ఇప్పుడు ఆ పటంలోని ఒక్క అర కత్తిరించి చట్రం కట్టినట్టుండే చిన్న బొమ్మలే ఎక్కువగా అమ్ముడవుతున్నాయి. కుటుంబాలు బతకాలి కాబట్టి అందులో తప్పు పట్టను. కానీ మన విద్యార్థులు చేర్యాలను శైలిగా, అంచు డిజైనుగా, రంగుల పట్టికగా నేర్చుకుంటున్నారు. కథనంలో దాని పని ఏమిటో వాళ్ల తరగతికి చేరడం లేదు.

తోలుబొమ్మలాటలోనూ అంతే. మేకతోలును పలచగా గీకి, వెనక దీపం పెడితే ఏ రంగు ఎలా పలుకుతుందో చూసుకుంటూ అద్ది, నగలు మెరవవలసిన చోట తోలుకు చిల్లులు పొడిచే కుటుంబమే రాత్రికి తెర వెనక నిలబడి పాడుతుంది, ఆడిస్తుంది. అక్కడ చిత్రకారుడు ఎవరు, నటుడు ఎవరు అని అడిగితే జవాబు ఉండదు.

ఇక సురభి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ నాటక సమాజానికి చెందిన కుటుంబాలు కొన్ని ఇప్పుడు మన లింగంపల్లి దగ్గర సురభి కాలనీలో ఉన్నాయి. గాలిలో తేలే పాత్రలు, వేదిక మీద కురిసే వాన, ఎదురెదురుగా వచ్చి ఢీకొనే బాణాలు అందరూ చెప్పుకునేవే. నన్ను ఎక్కువగా ఆకర్షించింది వాళ్ల తెరలు. ఒకసారి ప్రదర్శనకు ముందు వేదిక మీదకు వెళ్లి ఒక అంతఃపురం తెరను దగ్గరగా చూస్తూ ఉంటే, అక్కడ పనిచేస్తున్న పెద్దాయన, "అక్కడి నుంచి చూస్తే గోడలా ఉంటుంది బాబూ, కిందికెళ్లి పదో వరసలో కూర్చోండి, అప్పుడు మేడ కనబడుతుంది" అన్నారు. నిజమే. దగ్గరగా మొరటుగా కనిపించిన గీతలు పదో వరస నుంచి స్తంభాలయ్యాయి, వాటి మధ్య లోతు వచ్చింది. ఎంత దూరం నుంచి ఏ గీత నిలుస్తుందో ఆయనకు ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు. చిన్నప్పటి నుంచి అదే తెర ముందు వేషం కట్టాడు, అదే తెరను చుట్టి లారీకెక్కించాడు.

విడిపోవడం వ్యవస్థలు తెచ్చిన మార్పు. 1850లో మద్రాసులో, 1857లో బొంబాయిలో మొదలైన చిత్రకళా పాఠశాలలు చిత్రలేఖనాన్ని, చేతిపనులను తరగతి గదిలోకి తెచ్చాయి. నాటకానికి అలాంటి బడి చాలాకాలం రాలేదు. జాతీయ నాటక పాఠశాల ఢిల్లీలో 1959లో గాని మొదలు కాలేదు. మధ్యలో ఒక శతాబ్దం గడిచింది. ఆ శతాబ్దంలో చిత్రకళ సర్టిఫికెట్ ఉన్న చదువు అయింది, నాటకం ఆఫీసు అయ్యాక చేసుకునే అభిరుచి అయింది. మా బావగారు అన్నదీ అదే కదా.

అయినా రెండూ తెలిసినవాళ్లు వచ్చినప్పుడు ఏమైందో మన దగ్గరే ఉదాహరణలున్నాయి. తోట వైకుంఠం హైదరాబాదు ఫైన్ ఆర్ట్స్ కళాశాలలో, ఆ తర్వాత బరోడాలో చదువుకున్న చిత్రకారుడు, బి. నర్సింగరావు తీసిన దాసి సినిమాకు కళాదర్శకత్వం వహించి జాతీయ పురస్కారం అందుకున్నారు. గడీ గోడలు, వెలుగు, చీర అంచు, మనిషి నిలుచున్న తీరు అన్నీ ఒకే కన్ను చూసినట్టు ఉండటం ఆ చిత్రంలో కనిపిస్తుంది. అది సినిమా, నాటకం కాదు అనవచ్చు. అయితే దేశీయ నాటకరంగంలోనే ఇబ్రహీం అల్కాజీని చూడండి. చిత్రకారుడు, నాటక దర్శకుడు. 1962 నుంచి 1977 వరకు జాతీయ నాటక పాఠశాలకు సంచాలకులు. ఢిల్లీలో ఫిరోజ్‌షా కోట్లా శిథిలాల మధ్య నాటకాన్ని ప్రదర్శించాలన్న ఊహ, స్థలాన్ని చిత్రకారుడిగా చూడగలిగిన దర్శకుడికి వచ్చిన ఊహ అని నా నమ్మకం. గోల్కొండ, తారామతి బారాదరి, పైగా వంశస్థుల సమాధులు ఉన్న ఊళ్లో ఆ ఊహ ఎంతమందికి రాగలదో ఆలోచిస్తే, ఈ చదువు ఇక్కడ ఎందుకు కావాలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

మిత్రుల అభ్యంతరాలు

ఒక విశ్వవిద్యాలయంలో చిత్రకళ బోధించే నా పాత మిత్రుడు ఈ వాదన విని గట్టిగా వ్యతిరేకించాడు. "డ్రాయింగ్ ఒక్కటే నిలబడటానికి నాలుగేళ్లు చాలవు. ఇంటర్ రెండేళ్లూ పెన్సిల్ ముట్టని పిల్లలు మా దగ్గరకు వస్తారు. మొదటి ఏడాదంతా వాళ్ల చేతిని మళ్లీ బతికించడానికే సరిపోతుంది. అందులో సగం నాటకానికి ఇస్తే రెంటికీ చెడిన రేవడి అవుతారు" అన్నాడు. అతను చెప్పింది నిజం. కార్పొరేట్ కాలేజీల రెండేళ్ల చదువు పిల్లల చేతికీ గొంతుకూ ఏం చేస్తుందో మనందరికీ తెలుసు.

నేను అతనికి చెప్పిన సమాధానం ఇది. డ్రాయింగ్‌కు సమయం తగ్గించనక్కర లేదు. డ్రాయింగ్ దేనిని చూసి నేర్చుకోవాలో మార్చవచ్చు. కదలకుండా కూర్చున్న మోడల్‌ను గంటల తరబడి గీయడం అవసరమే. దానితోపాటు, పక్క గదిలో శరీర సాధన చేస్తున్న తోటి విద్యార్థులను రెండేసి నిమిషాల్లో గీయడం కూడా డ్రాయింగే. బరువు ఏ కాలి మీద ఉందో, తిరిగేముందు భుజం ఎలా కదులుతుందో ఆ రెండు నిమిషాలు నేర్పినట్టు మరేదీ నేర్పదు. తర్వాతి గంటలో ఆ గీసిన పిల్లే శరీర సాధనకు వెళ్తే, తాను గీసిన భుజాన్ని లోపలి నుంచి తెలుసుకుంటుంది. మొదటి ఏడాదిలో రంగుల తరగతిని ఒక చీకటి గదిలో నాలుగు లైట్లు, నాలుగు జెల్లులు పెట్టి నడపవచ్చు. నక్షా గీయడం, 1:25 నిష్పత్తిలో అట్టతో నమూనా కట్టడం, 8 అడుగులు 4 అడుగుల ప్లైవుడ్ షీటును వృథా కాకుండా కోయడం అందరికీ నేర్పాలి. నటన వైపు వెళ్లే పిల్లకు కూడా. రెండో ఏడాదిలో ప్రతి సెమిస్టరుకు ఒక నాటకం చేయించి, పనులను మార్చి మార్చి ఇవ్వాలి. మూడో ఏడాదికి ఎవరి మొగ్గు ఎటో తేలుతుంది, అప్పుడు లోతుగా ఒక దాని వైపు వెళ్లనివ్వాలి. అలా చేయకుండా సోమ, మంగళ చిత్రకళ, బుధ, గురు నాటకం అని టైంటేబుల్ వేస్తే, గోడ తీయకుండా రెండిళ్లకు ఒకే తాళం వేసినట్టే.

మిత్రుడు పూర్తిగా ఒప్పుకోలేదు. కదిలే శరీరాన్ని గీయడం గురించి మాత్రం, "అది మా దగ్గరా చేయాలి" అన్నాడు.

రెండో అభ్యంతరం ఒక రంగస్థల అధ్యాపకురాలిది, అది నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. చిత్రకారుల సాధన ఏకాంతంలో సాగుతుంది. రాత్రి రెండింటికి లేచి ఒక మూల సరిదిద్దుకోవచ్చు. నాటకంలో పదిమంది ఒకే సమయానికి ఒకే చోట ఉండాలి, ఒక్కరు రాకపోతే పని ఆగుతుంది. ఈ రెండు స్వభావాలున్న పిల్లలు ఒకే తరగతిలో ఉన్నప్పుడు గుంపు ఎప్పుడూ ఏకాంతాన్ని మింగేస్తుందని ఆమె అనుభవం. ప్రదర్శన తేదీ దగ్గర పడే కొద్దీ బొమ్మలు వేసుకునే పిల్ల తన సొంత పని పక్కన పెట్టి తెరలకు రంగులు పూస్తుంది. నాలుగేళ్లయ్యాక చూసుకుంటే తనదని చెప్పుకోవడానికి నాలుగు కాన్వాసులు ఉండవు. ఈ మాట నిజమవుతుందన్న భయం నాకూ ఉంది. ప్రతి సెమిస్టరులో కొన్ని వారాలు రిహార్సళ్లు పూర్తిగా ఆపేసి, ఎవరి పని వాళ్లు చేసుకునే కాలంగా కేటాయించాలని నా ప్రతిపాదన. కాగితం మీద ఇది బాగానే ఉంటుంది. ప్రదర్శన దగ్గర పడినప్పుడు ఆ వారాలను ఎవరూ లాక్కోకుండా కాపాడే గట్టి మనిషి శాఖకు అధిపతిగా ఉంటే తప్ప నిలవదు.

మార్కులు

విశ్వవిద్యాలయమంటే పరీక్ష ఉంటుంది, బయటి నుంచి ఎగ్జామినర్ వస్తారు. కాన్వాసు గోడ మీద ఉంటుంది, జ్యూరీ వచ్చి చూస్తుంది, ప్రశ్నలు అడుగుతుంది. నాటకం అయిపోయి ఉంటుంది. పైగా అది పదిహేనుమంది పని. ఎవరి మార్కులు ఎన్ని? వీడియో చూసి మార్కులు వేసే పద్ధతి చాలాచోట్ల ఉంది, నాకు అది నచ్చదు. ఒకే మూల నుంచి తీసిన వీడియోలో నటుడి ముఖం కనబడుతుంది గానీ అతనికీ గుమ్మానికీ మధ్య ఉన్న దూరం కనబడదు.

ప్రతి విద్యార్థీ తేదీలతో సహా ఒక పని పుస్తకం నడపాలి: గీసి వదిలేసిన స్కెచ్‌లు, పనికిరాకుండా పోయిన నమూనా ఫొటోలు, రిహార్సల్‌లో మారిన కదలికలు, ఎందుకు మారాయో నాలుగు వాక్యాలు. ఎగ్జామినర్ ప్రదర్శనతోపాటు కనీసం ఒక టెక్నికల్ రిహార్సల్‌కు రావాలి. లైటు, సెట్టు, దుస్తులు, నటులు మొదటిసారి కలిసే ఆ రాత్రి ఎవరు ఏమి గమనించారో, ఎవరు దేనిని సరిదిద్దారో చూస్తే, ఎవరికి ఎన్ని మార్కులో తేల్చడం అంత కష్టం కాదు. ఎగ్జామినర్లకు ఒక రోజు ఎక్కువ భత్యం ఇవ్వవలసి వస్తుంది. ఇవ్వాలి.

బతుకుతెరువు మాట

తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న ఇదే, అడగడం వాళ్ల హక్కు. హైదరాబాదులో దీనికి జవాబు చెప్పడం మిగతా ఊళ్ల కంటే సులభం. సినిమాల, సీరియళ్ల ఆర్ట్ డిపార్ట్‌మెంటులు, ఓటీటీ నిర్మాణాలు, మ్యూజియంలు, ఎగ్జిబిషన్ల రూపకల్పన, యానిమేషన్ సంస్థలు, పెళ్లి మండపాల నుంచి కంపెనీ వేడుకల దాకా అలంకరణ చేసే సంస్థలు, బడుల్లో కళల టీచర్లు. స్థలాన్ని ఊహించి, గీసి, కొలిచి, కట్టించి, అందులో మనుషులు ఎలా కదులుతారో ముందే చెప్పగలిగే మనిషి ఈ పనులన్నిటికీ కావాలి. నేను పనిచేసిన చోట్ల అలాంటివాళ్లు అరుదు. గీసేవాళ్లకు మనుషుల కదలిక తెలియదు, కదలిక తెలిసినవాళ్లకు గీయడం రాదు.

అయినా ఈ వాదనను ఇంతకంటే ముందుకు నెట్టడం నాకు ఇష్టం లేదు. కేవలం ఉద్యోగం చూపించి ఈ చదువును నిలబెడితే, మూడేళ్లలో సిలబస్ మొత్తం సాఫ్ట్‌వేరు శిక్షణగా మారిపోతుంది. సాఫ్ట్‌వేరు ఆరు నెలల్లో నేర్చుకోవచ్చు. పదో వరస నుంచి ఏ గీత నిలుస్తుందో తెలుసుకోవడానికి ఏళ్లు పడుతుంది, ఆ ఏళ్లు పద్దెనిమిది నుంచి ఇరవై రెండు మధ్య దొరికితే మంచిది. శరీరం వంగుతుంది, గొంతు మారుతుంది, ఇంటి బాధ్యతలు ఇంకా మీద పడవు. పీజీ దాకా ఆగమనడం ఆ వయసును వదులుకోమనడమే.

ఎవరు నేర్పాలి, ఎవరు చేరగలరు

సురభి తెర ముందు నాతో మాట్లాడిన పెద్దాయన వంటివాళ్లు ఈ తరగతిలో గురువులుగా ఉండాలి. పీహెచ్‌డీ లేదు కాబట్టి కుదరదని ఇదివరకు అనేవారు. 2022లో విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) తెచ్చిన ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ మార్గదర్శకాల ప్రకారం, కనీసం 15 ఏళ్ల అనుభవమున్న నిపుణులను అకడమిక్ డిగ్రీలతో నిమిత్తం లేకుండా, మంజూరైన పోస్టుల్లో 10 శాతం మించకుండా నియమించుకోవచ్చు. ఆ అవకాశాన్ని రిటైరైన కంపెనీ అధికారులతో నింపేసే ప్రమాదం ఉంది. చేర్యాల నకాషీ, చిందు భాగవతం వేషానికి ముఖాన అర్దళం (పసుపు రంగు) పూయడం తెలిసిన కళాకారిణి, సినిమా సెట్టు మేస్త్రీ, ధూల్‌పేటలో వినాయకుడి విగ్రహం లోపల గడ్డి ఎంత బిగించాలో తెలిసిన చేయి, వీళ్లకు నెలజీతం ఇచ్చి, సెమిస్టరంతా ఉంచి, మార్కులు వేసే అధికారం కూడా ఇవ్వాలి. ఒక్కరోజు వర్క్‌షాపు పెట్టి, శాలువా కప్పి పంపే పద్ధతితో ఏ విద్యా చేతులు మారదు.

వాళ్ల పిల్లలు, మనవలు ఈ కోర్సులో విద్యార్థులుగా కూడా ఉండాలి. ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో కళలను కలిపి చదివే అవకాశాలు దేశంలో కొన్నిచోట్ల వస్తున్నాయి, ఏడాదికి లక్షల ఫీజులతో. ఆ ఫీజు కట్టగల ఇళ్ల పిల్లలే రేపటి వేదికను రూపొందిస్తే, ఆ వేదిక మీద ఎవరి ఇళ్లు, ఎవరి వీధులు కనబడతాయో ఊహించడం కష్టం కాదు. అందుకే ప్రభుత్వ విశ్వవిద్యాలయమే చేయాలని పట్టుబడుతున్నాను. ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషు ప్రశ్నల బరువు తగ్గించి, ఒక రోజంతా పిల్లలతో పని చేయించి చూడాలి: ఒక కథ చెప్పి బొమ్మ వేయమనండి, వేసిన బొమ్మలోని మనిషిలా నడిచి చూపమనండి.

ఇంకొకటి, దీని గురించి సిలబస్ కమిటీలు మాట్లాడగా నేను వినలేదు. రిహార్సల్ సాయంత్రం ఆరుకు మొదలై తొమ్మిదిన్నర, పది దాకా సాగుతుంది. అమ్మాయిల హాస్టల్ గేటు చాలా కాలేజీల్లో అంతకంటే ముందే మూసేస్తారు. నేను పనిచేసిన ఒక కాలేజీ నాటకంలో ప్రధాన పాత్ర వేయవలసిన అమ్మాయి మొదట చిన్న పాత్రకు మారింది, తర్వాత మానుకుంది, కారణం గేటు. ఆ పాత్రను కథలో అబ్బాయిగా మార్చేశారు. కోర్సు ప్రారంభించే విశ్వవిద్యాలయం రిహార్సళ్లను పగటి టైంటేబుల్‌లోకి, క్రెడిట్లున్న తరగతిగా తేవాలి, ప్రదర్శన వారంలో రాత్రి పదిన్నరకు హాస్టల్‌కూ, సిటీలో ఇళ్లున్న పిల్లల కోసం మెట్రో స్టేషన్ దాకానూ బస్సు నడపాలి. నూతన భవనం, ఖరీదైన లైట్ల బోర్డు తర్వాత సమకూర్చుకోవచ్చు; 20 అడుగుల ఎత్తున్న రేకుల షెడ్డు ఒకటి, ఆ బస్సు ఒకటి ఉంటే మొదటి బ్యాచ్‌ను చేర్చుకోవచ్చు.